వాటం లేని కాలు

పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి,
హైదరాబాదు.

అయ్యా,

రిటైరైన పీఈటీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందంటే మీ ఆఫీసులో ముందు వెతికేది డీఏ ఎప్పటిది, బకాయి ఎంత అని. ఈ ఉత్తరంలో అవి లేవు. రిఫరెన్సు నంబరు కూడా లేదు. మీ శాఖ బడుల్లో పాఠం చెప్పి, చనిపోయి అరవై ఏళ్లు దాటిన ఒక పంతులుగారి గురించి రాస్తున్నాను. నాకు రావలసింది ఏమీ లేదు. మీరే ఆయనకు కాస్త బాకీ ఉన్నారు.

1962 సెప్టెంబరు 4. జకార్తాలో ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ ఫైనల్. స్టేడియంలో లక్షమంది జనం, అందరూ మనకు ఎదురే. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ ఆటలకు రానివ్వలేదని మన దేశ ప్రతినిధి గురుదత్ సోంధీ అభ్యంతరం చెప్పడంతో ఊరంతా మన మీద మండిపడుతోంది. మనవాళ్ల కాలికి బంతి తగిలితే చాలు, ఈలలూ కేకలూ. అవతల ఆడుతున్నది దక్షిణ కొరియా. మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టే. మన జట్టు కోచ్ ఒంట్లో క్యాన్సర్ ఉంది. పదిహేడో నిమిషంలో పీకే బెనర్జీ ఒక గోల్ వేశాడు, ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ సింగ్ ఇంకొకటి. ఆట ఇక అయిపోతుందనగా కొరియా ఒకటి తిరిగి వేసింది. 2-1. బంగారు పతకం.

తెల్లారితే సెప్టెంబరు 5. మన దేశంలో మొట్టమొదటి ఉపాధ్యాయ దినోత్సవం. రాధాకృష్ణన్ గారు ఆ ఏడాది మే నెలలో రాష్ట్రపతి అయ్యారు, ఆయన పుట్టినరోజును గురువుల పండగ చేసుకోవడం అప్పుడే మొదలైంది. ఆ పండగకు ముందు రోజే దేశానికి బంగారం తెచ్చిపెట్టిన మనిషి కూడా వృత్తికి బడిపంతులే అన్న ముక్క ఏ గురుపూజోత్సవ సభలోనూ నేను వినలేదు. ముప్పై ఒక్క సెప్టెంబరు 5లకు కుర్చీలు వేయించి, మైకు సర్దినవాణ్ని నేను. ఆ పని ఎప్పుడూ పీఈటీదే కదా. అందుకే ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఫుట్‌బాల్ తెలిసిన హైదరాబాదీలకు రహీం సాబ్.

2024లో ఆయన మీద ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది, మీరూ చూసే ఉంటారు. నేను మా మనవడితో వెళ్లాను. బయటికొస్తూ వాడు, “తాతా, ఆ కోచ్ మన హైదరాబాదాయనేనా?” అన్నాడు. అవునురా, మనాయనే, పంతులుగారు అన్నాను. వాడు నమ్మలేదు. వాడి లెక్కలో పంతులు వేరు, కోచ్ వేరు. పంతులు బోర్డు దగ్గర ఉంటాడు, కోచ్ టీవీలో ఉంటాడు. వాణ్ని అని లాభం లేదు. మన శాఖే ఆయన్ను తనవాడని ఎప్పుడూ చెప్పుకోలేదు.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదువుతూ యూనివర్సిటీ జట్టుకు ఆడారు, బీఏ అయ్యాక బడిలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్... ఇదీ ఆయన పనిచేసిన బడుల వరస. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి వచ్చారు. చివరి రెండు బళ్లలో ఆటల బాధ్యత ఆయనదే. అంటే మా కులమే సార్, డ్రిల్లు మాస్టారి కులం.

సాయంత్రాలు ఖమర్ క్లబ్బుకు ఆడేవారు. చదువుకున్నవాళ్లు ఒళ్లు వంచి ఆడటం ఆనాటి హైదరాబాదులో వింతేమీ కాదు. రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ కొట్టిన హాదీ గారు ఏడు ఆటలు ఆడేవారట, అందుకే ఆయన్ను రెయిన్‌బో హాదీ అన్నారు. అదంతా చెప్పుకుంటూ పోతే ఉత్తరం దారి తప్పుతుంది.

రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నాక జరిగింది రికార్డు పుస్తకాల్లో ఉంది. అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు మన పోలీసులే ఎత్తుకొచ్చారు. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించారు. 1956, 1957 సంతోష్ ట్రోఫీలు హైదరాబాద్‌వి. దేశం జట్టుకు ఆయన కోచ్‌గా ఉండగా 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్ మీద 1-0తో బంగారం వచ్చింది. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఈ దేశానికి ఇప్పటిదాకా వచ్చినవి రెండే బంగారు పతకాలు. 1951ది ఒకటి, 1962ది ఒకటి. రెండింటి వెనకా ఈ పంతులే. ఆ తర్వాత 1970లో ఒక కంచు పతకం వచ్చింది, అంతే.

పతకాల లెక్క ఎవరైనా చెబుతారు. వాటికోసం నేను మీకు ఉత్తరం రాయనవసరం లేదు. ఆయన ఎలా నేర్పారన్నది చెప్పడానికే రాస్తున్నాను, ఎందుకంటే అది అచ్చంగా బడి పద్ధతి.

రహీం సాబ్ హైదరాబాదులో కొన్ని విచిత్రమైన టోర్నమెంట్లు పెట్టించారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ నలుగురిని దాటేసి చప్పట్లు కొట్టించుకోవడం కుదరదు. అందిన బంతిని అందినట్టే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో వాటం ఉన్న కాలు పనికిరాదు. కుడికాలి వాటంవాడు ఎడమకాలితో, ఎడమవాడు కుడికాలితో ఆడాలి. మనిషికి రెండు కాళ్లున్నాయని ఆటగాడికి గుర్తుచెయ్యడానికి ఉపన్యాసం ఇవ్వలేదాయన, రూలు మార్చారు. తెలివైన పిల్లవాడి చేతే ప్రతిసారీ జవాబు చెప్పించే పంతులుకీ, వెనక బెంచీవాణ్ని లేపే పంతులుకీ ఉన్న తేడా సార్ అది.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో మనం 10-1తో చిత్తయ్యాం. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో వట్టికాళ్లతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం సాబ్ హంగెరీ జట్టు ఆట చూసి, సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి ఆడించడం నేర్చుకున్నారు, నేర్పారు. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ ఆడాక లోకమంతా చెప్పుకున్న 4-2-4 పద్ధతిని అంతకు ముందే మన కుర్రాళ్ల చేత ఆడించారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. పది గోల్స్ తిన్న నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్‌లో, మన జట్టు ఒలింపిక్ సెమీఫైనల్‌కు వెళ్లింది. ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో కొట్టింది, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీస్‌లో అదే యుగొస్లావియా మీద మొదటి గోల్ మనదే. తర్వాత వాళ్లు నాలుగు వేశారనుకోండి. ఆసియా నుంచి అంతదాకా వెళ్లిన మొదటి జట్టు మనది. తప్పిన లెక్కను కొట్టేసి పక్క పేజీలో మళ్లీ చేయించే ఓపిక పంతుళ్లకే ఉంటుందని నా నమ్మకం. మా లెక్కల సార్లు ఒప్పుకోకపోవచ్చు.

ఇప్పుడు నా సొంత గోల ఒకటి. ఈ వాటం లేని కాలి సంగతి నేను సర్వీసులో చేరిన ఎన్నో ఏళ్లకు చదివాను. అప్పుడు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉన్నాను. మండలం పేరు వద్దులెండి. శనివారం ఆఖరి రెండు పీరియడ్లు ఆటలకు ఉండేవి. సున్నంతో గీతలు పోయించి, పాత చీర ఒకటి తెచ్చి పీలికలు చింపి, ప్రతి పిల్లవాడి వాటం కాలి చీలమండకీ ఒక పీలిక కట్టించాను. పీలిక ఉన్న కాలు నేల మీద నిలబడ్డానికే, బంతి మీదికి పోకూడదు. పోతే ఫౌల్.

మొదటి పది నిమిషాలు నవ్వులే. ఎనిమిదో తరగతిలో ఒక హీరో ఉండేవాడు, బంతి దొరికితే అమ్మకైనా ఇవ్వడు. వాడు ఎడమకాలితో తన్నబోయి, బంతి మీదుగా వెళ్లి కూర్చున్నాడు. గోల్‌పోస్టు దగ్గర ఒక బొద్దు కుర్రాడు ఉండేవాడు. పరిగెత్తలేడని ప్రతి ఆటలో గోలీగా నిలబెట్టేవాళ్లు. ఆరోజు వాడు నా దగ్గరికొచ్చి, “సార్, నేను కూడా బయట ఆడతా, వీళ్లకూ రావట్లేదు గదా” అన్నాడు. సరే పొమ్మన్నాను. వాడు ఇచ్చిన ఒక పాసు నాకింకా కళ్లముందు ఉంది. అరికాలు కాదు, వేళ్లు కాదు, పాదం పక్క భాగంతో మెత్తగా తోశాడు. బంతి గడ్డి మీద గీత గీసినట్టు వెళ్లింది. మూడో వారానికి ఆ హీరో తల ఎత్తి చూడ్డం నేర్చుకున్నాడు, పక్కన ఎవరున్నారో అని. అంతవరకు వాడి ఆటలో బంతి, గోలు తప్ప మూడో వస్తువు లేదు.

హెడ్మాస్టరు గారు వరండాలోంచి చూసి, “ఏంటయ్యా ఇది, కుంటాట ఆడిస్తున్నావా?” అన్నారు. నాలుగో శనివారం నుంచి ఆ రెండు పీరియడ్లూ పదో తరగతి లెక్కల స్పెషల్ క్లాసుకు పోయాయి. ఎనిమిదో తరగతి పిల్లల ఆటల పీరియడ్లు పదో తరగతి లెక్కలకు ఎలా పోతాయో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. వాళ్లకు మాత్రం ఆ గంటన్నర తరగతిలో కూర్చుని నోట్సు రాసే పని పడింది. ఆయన మీద నాకు కోపం లేదు. రిజల్టు తగ్గితే మెమో ఆయనకే వస్తుంది. ఫుట్‌బాల్ రాకపోతే ఎవరికీ రాదు.

పోనీండి. రహీం సాబ్ పెద్దమనసు గురించి ఒకటి చెప్పాలి. తులసీదాస్ బలరామ్ పేరు మీరు విన్నారు కదా. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ ఆడి, జకార్తాలో బంగారం అందుకుని, 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లో కన్నుమూసిన ఆటగాడు. 1956లో రహీం సాబ్ ఈ కుర్రాణ్ని చూసి, సంతోష్ ట్రోఫీ ఎంపికలకు హైదరాబాద్ రమ్మన్నారు. కుర్రాడు రాలేనన్నాడు. ఆట మీద ఇష్టం లేక కాదు, రోజూ అంత దూరం వచ్చిపోవడానికి డబ్బుల్లేక. రహీం సాబ్ సైకిలు కిరాయికి డబ్బులిచ్చారు. బలరామ్ స్వయంగా చెప్పుకున్న సంగతే ఇది. కిరాయి సైకిలు తొక్కుకుంటూ ఎంపికలకొచ్చిన కుర్రాడు అదే ఏడాది చివర మెల్‌బోర్న్‌లో ఉన్నాడు.

ఈ కథ విన్నప్పుడల్లా ఎంత ఇచ్చారన్నది నాకు పట్టదు. పిల్లవాడు రాలేనన్నప్పుడు ఎందుకు రాలేవని అడిగి, జవాబు వినేదాకా నిలబడ్డ మనిషి గుర్తొస్తాడు. మాలో చాలామందికి ఈ పని తెలుసు సార్. జోనల్స్‌కు పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు బస్సు చార్జీలు, అరటిపళ్లు, చెప్పు తెగితే చెప్పు... టీఏ బిల్లులో వీటికి గడి ఉండదు. జేబులోంచి తీస్తాం, ఇంట్లో చెప్పం. మాకు పెద్దన్న ఒకాయన ఉన్నాడని తెలిస్తే అదొక ధైర్యం.

అయినవాళ్లకు మాత్రం ఆయన పెద్దగా ఇచ్చింది కనిపించదు. కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా మంచి ఆటగాడే. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు, కోచ్ నాన్నే. ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఫ్రాన్స్‌తో 1-1 సమం చేసినప్పుడూ, హంగెరీ చేతిలో ఓడినప్పుడూ, పెరూ చేతిలో ఓడినప్పుడూ బయటే ఉన్నాడు. హకీం గారు తర్వాత ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశారు, అంతర్జాతీయ రెఫరీ అయ్యారు, ధ్యాన్‌చంద్ అవార్డు అందుకుని 2021లో వెళ్లిపోయారు. తన కొడుకు చదివే తరగతికి పేపర్లు దిద్దిన ఏ పంతులుకైనా ఆ రోమ్ బెంచీ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

మళ్లీ జకార్తాకు. జర్నైల్ సింగ్ డిఫెండరు. థాయిలాండ్ మ్యాచ్‌లో నుదురు పగిలి కుట్లు పడ్డాయి. వెనక నిలబడి వచ్చిన బంతినల్లా తలతో కొట్టే పని ఇక అతనివల్ల కాదు. రహీం సాబ్ అతన్ని కూర్చోబెట్టలేదు, ముందుకు పంపారు, ఫార్వర్డ్‌గా. కాలేజీ రోజుల్లో జర్నైల్ ముందు వరసలో ఆడేవాడన్నది ఆయనకు గుర్తుంది. ఫైనల్లో రెండో గోలు ఆ కట్టు కట్టిన తలవాడిదే. ఫైనల్ ముందు రోజు రాత్రి ఆటగాళ్లను పిలిచి, నాకొక కానుక కావాలని, ఆ బంగారాన్నే అడిగారని వాళ్లు తర్వాత చెప్పుకున్నారు. స్టేడియమంతా మనల్ని తిడుతుంటే పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మాత్రం మన జట్టు కోసం అరిచారని కూడా వాళ్లే చెప్పారు. ఈ చివరి ముక్క మా మనవడికి బాగా నచ్చింది.

తొమ్మిది నెలలు తిరిగాయి. 1963 జూన్ 11న రహీం సాబ్ హైదరాబాదులోనే పోయారు. యాభై మూడేళ్లు. సర్కారు కొలువులో రిటైర్మెంటు వయసుకు కూడా ఇంకా రాలేదు. ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది, ఆయన దానికి అందనంత ముందే వెళ్లిపోయారు.

ఇప్పుడు మీ శాఖ మాట. ఈ శాఖ బోర్డు మీద పేరు హైదరాబాద్ రాష్ట్రం అని, ఆంధ్రప్రదేశ్ అని, తెలంగాణ అని మారుతూ వచ్చింది. బళ్లు అవే, హాజరుపట్టీలు అవే. ఆయన పాఠం చెప్పిన బళ్లు ఎక్కడెక్కడ ఏ పేరుతో మిగిలి ఉన్నాయో వెతికించి, హెడ్మాస్టర్ల పేర్లు రాసే చెక్క బోర్డు పక్కన ఆయన ఫొటో ఒకటి పెట్టించండి. కింద ‘ఫుట్‌బాల్ కోచ్’ అని కాకుండా ‘ఉపాధ్యాయులు’ అని రాయించండి. విగ్రహాలు వద్దు. విగ్రహం పెట్టారంటే గ్రౌండులో ఒక మూల పోతుంది, అసలే ఉన్నవి చాలడం లేదు. గేటు పక్క ఖాళీ జాగా కనిపిస్తే చాలు, మనవాళ్లకు అదనపు గదులు గుర్తొస్తాయి.

విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలు మీకు నాకన్నా బాగా తెలుసు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని అందులో ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే వ్యాయామ విద్యకు కనీసం పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని కూడా ఉంది. ఎన్ని బళ్లలో ఉందో లెక్క మీ కంప్యూటర్లోనే దొరుకుతుంది, నేను అడగను. అడిగితే ఇది మళ్లీ ఫైలు అవుతుంది.

అడిగేది ఒక్కటే. సెప్టెంబరు 5న సభ ఎలాగూ చేస్తారు, శాలువాలు కప్పుతారు. ముందు రోజు, 4న, సర్కారు బళ్ల ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు మండలానికొకటి చొప్పున వాటం లేని కాలి టోర్నమెంటు పెట్టించండి. బూట్లు అక్కర్లేదు, జెర్సీలు అక్కర్లేదు, చీర పీలికలు చాలు. ఆడపిల్లల జట్లు కూడా ఉండాలి. కప్పు ఇవ్వకపోయినా పర్వాలేదు, అరటిపళ్లు ఇవ్వండి. ఆ రోజు ఆటల పీరియడును లెక్కలకు ఇవ్వరాదని ఒక్క లైను సర్క్యులర్ మాత్రం తప్పకుండా ఇవ్వండి. దాన్ని ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకుంటాను.

మా మండలం సంగతి నాకు వదిలెయ్యండి. సున్నం నేను తెస్తాను, గీతలు నేనే పోస్తాను, మోకాళ్లు ఇంకా పనిచేస్తున్నాయి. విజిల్ కూడా కొనక్కర్లేదు. రిటైరైన రోజు స్టోరు అప్పగించేటప్పుడు బంతులు, నెట్లు, పంపు, జావెలిన్ అన్నీ లెక్కపెట్టి సంతకం చేశాను గాని, విజిల్ ఒక్కటి జేబులో వేసుకుని వచ్చేశాను. రికవరీ పెట్టుకోదలిస్తే పెట్టుకోండి.

ఇట్లు,
రిటైర్డ్ పీఈటీ ఒకడు